‘అపోహ తొలగించు’కి ఇంగ్లిష్‌లో సరైన జత ఏది?

అశోక్‌నగర్ అభ్యర్థి:
గ్రూప్-1 మెయిన్స్ ఇంగ్లిష్ పేపర్‌కి రాసి చూసుకుంటున్నాను. గ్రహణం వేళ అన్నం విషమవుతుందనే నమ్మకం గురించి ‘రాంగ్ మిస్‌కన్సెప్షన్’ అనీ, ‘రిమూవ్ ద మిస్‌కన్సెప్షన్’ అనీ రాస్తే రెండూ కొట్టేశారు. ఏం రాయాలి? ‘మిస్‌అండర్‌స్టాండింగ్’ అంటే సరిపోతుందా?

వ్యాకరణం:
‘మిస్’లోనే తప్పు అనే అర్థం ఉందండి, పక్కన మళ్లీ ‘రాంగ్’ దండగ. ‘ఫాల్స్ మిత్’ కూడా అంతే. ‘కామన్ మిస్‌కన్సెప్షన్’, ‘పాపులర్ మిస్‌కన్సెప్షన్’ అనండి. ‘బిలీఫ్’ వాడితే ‘వైడ్లీ హెల్డ్ బిలీఫ్’. చాలామంది ‘వైడ్లీ హోల్డ్’ అని రాసి మార్కు పోగొట్టుకుంటారు.

అసలు చిక్కు క్రియ దగ్గర. తెలుగులో అపోహను తొలగిస్తాం కాబట్టి చెయ్యి ‘రిమూవ్’ వైపే పోతుంది. ఇంగ్లిష్‌లో మిస్‌కన్సెప్షన్‌ని ‘క్లియర్ అప్’, ‘కరెక్ట్’, ‘డిస్పెల్’ చేస్తారు. మిత్‌ని ‘డిస్పెల్’ చేయొచ్చు, ‘డిబంక్’ చేయొచ్చు. డిబంక్ అంటే ఆధారాలు చూపి ఆ మాటలో పస లేదని తేల్చడం. అందుకే ‘డిబంక్ ఎ డౌట్’ అనరు.

తర్వాత వచ్చే మాట కూడా ముఖ్యమే. తప్పుడు నమ్మకాన్ని పూర్తి వాక్యంగా చెప్తే ‘దట్’: ‘ఇట్ ఈజ్ ఎ కామన్ మిస్‌కన్సెప్షన్ దట్ ఫుడ్ టర్న్స్ పాయిజనస్ డ్యూరింగ్ యాన్ ఎక్లిప్స్’. విషయం పేరు మాత్రమే చెప్తే ‘అబౌట్’: ‘మిస్‌కన్సెప్షన్స్ అబౌట్ ఎక్లిప్సెస్’.

ట్యాంక్‌బండ్:
‘కాంట్రరీ టు పాపులర్ బిలీఫ్’ దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. కామా తర్వాత రావాల్సింది నిజం, అపోహ కాదు. ‘కాంట్రరీ టు పాపులర్ బిలీఫ్, హుస్సేన్ సాగర్ ఈజ్ ఎ మ్యాన్‌మేడ్ లేక్’ సరైనది. అది 16వ శతాబ్దంలో తవ్వించిన చెరువే కదా. అక్కడ ‘న్యాచురల్ లేక్’ అని రాస్తే అర్థం తిరగబడుతుంది.

పాతబస్తీ:
మిస్‌అండర్‌స్టాండింగ్ ఇక్కడ కుదరదు. ఇద్దరి మధ్య మాట తేడా వచ్చినా, ఒక సూచన తప్పుగా అర్థమైనా అది వాడతాం. జనంలో పాతుకుపోయిన నమ్మకానికి మిస్‌కన్సెప్షన్. గ్రహణం లాంటివాటికి ‘సూపర్‌స్టిషన్’ ఇంకా బాగా నప్పుతుంది. నిన్న మొదలై ఇవాళ వాట్సాప్‌లో తిరిగేది ‘రూమర్’. దాన్ని ‘స్ప్రెడ్’ చేస్తారు.

చార్మినార్ నుంచి గోల్కొండకి సొరంగం ఉందనే కథను మాత్రం తొందరపడి మిత్ అనకండి. చరిత్రకు అందని కథకు ‘లెజెండ్’ చాలు: ‘లెజెండ్ హాజ్ ఇట్ దట్...’

అశోక్‌నగర్ అభ్యర్థి:
చాలా థాంక్స్ అండీ. మరి ‘మెనీ పీపుల్ ఆర్ ఇన్ ది ఇంప్రెషన్ దట్...’ రాయొచ్చా?

వ్యాకరణం:
‘ఇన్’ కాదు, ‘అండర్ ది ఇంప్రెషన్’. మిగతాదంతా సరిగ్గానే ఉంది.