పీ0171 కోడ్: తప్పు ఈ20 పెట్రోలుదా, ఆక్సిజన్ సెన్సర్‌దా?

కాకినాడ_2014:
మాది 2014 నాటి పెట్రోలు కారు. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతుంది, హైవే ఎక్కితే ఏ ఇబ్బందీ లేదు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పీ0171 వచ్చింది. వర్క్‌షాపులో ఆక్సిజన్ సెన్సర్ (పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచేది) మార్చాలన్నారు. మా బావగారేమో ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) చలవే అంటున్నారు. ఎవరి మాట వినాలి?

పాతకారు_అభిమాని:
మీ బావగారి మాటే సరైనది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గుతుంది. పీ0171 చెప్పేదీ అదే కదా: గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ. మన కార్లను ఈ20 కోసం తయారు చేయలేదు. ఇంధనం మార్చింది వాళ్లు, సెన్సర్ల ఖర్చు మనదా?

గ్యారేజీ_నుంచి:
మీ కోపంలో న్యాయం ఉంది కానీ లెక్క కుదరదండీ. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. ఆ లెక్కన ఈ10 నుంచి ఈ20కి మారితే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అదనంగా పోయాల్సిన ఇంధనం నాలుగైదు శాతమే. చాలా కార్లలో ఆ సర్దుబాటు 20 శాతం దాటాకే ఈ కోడ్ పడుతుంది. మిగతా లోటు ఎక్కడిది?

సెన్సర్ మార్చమనడం ఇంకా అన్యాయం. చాలాసార్లు ఆ సెన్సర్ బాగా పనిచేస్తున్నందువల్లే లోటు బయటపడుతుంది. ఫిర్యాదు చేసినవాడినే ఉద్యోగంలోంచి తీసేస్తే ఎలా?

రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక పని చేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్‌లు (పైన చెప్పిన సర్దుబాటు శాతాలు) కలిపి చూడండి, ఒకసారి ఐడిల్‌లో, మరోసారి 2500 ఆర్‌పీఎం దగ్గర. కారణం ఈ20 అయితే రెండుచోట్లా దాదాపు ఒకే అంకె ఉండాలి. ఐడిల్‌లో ఎక్కువగా ఉండి, రేజ్ చేస్తే తగ్గిందంటే ఎక్కడో సెన్సర్ లెక్కకు రాని దొంగగాలి చొరబడుతోంది. ఇంజిన్ పీల్చే గాలి పెరిగేకొద్దీ ఆ లీకు వాటా చిన్నదవుతుంది. అలా కాకుండా లోడ్ పెరిగేకొద్దీ అంకె పెరిగితే ఫ్యూయల్ పంపునో ఫిల్టర్‌నో అనుమానించాలి.

నెల్లూరు_డ్రైవర్:
ఒక్క మాట. ఈ పరీక్ష, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నేరుగా కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న కార్లకే సరిగ్గా వర్తిస్తుంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనాన్ని కొలిచే ఎంఏపీ సెన్సర్ మాత్రమే ఉంటే, లీకైన గాలిని కూడా ఈసీయూ లెక్కలోకి తీసుకుని పెట్రోలు పోస్తుంది. అప్పుడు ట్రిమ్ పెద్దగా మారదు, ఐడిల్ స్పీడు పెరుగుతుంది. ముందు కారులో ఏ సెన్సర్ ఉందో చెప్పమనండి.

గ్యారేజీ_నుంచి:
నిజమే, ముందే అడగాల్సిన ప్రశ్న.

కాకినాడ_2014:
ఎయిర్ ఫిల్టర్ డబ్బా తర్వాతి గొట్టంలో ఎంఏఎఫ్ ఉందండీ. ట్రిమ్ ఐడిల్‌లో ప్లస్ 22, 2500 దగ్గర ప్లస్ 6.

గ్యారేజీ_నుంచి:
అయితే ఆక్సిజన్ సెన్సర్ జోలికి వెళ్లవద్దు. ఎంఏఎఫ్ నుంచి థ్రాటిల్ బాడీ దాకా ఉన్న రబ్బరు గొట్టాన్ని మడతలు విప్పి చూడండి, పగుళ్లు ఆ మడతల లోపలే దాక్కుంటాయి. తర్వాత పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ గాస్కెట్. దొరకకపోతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి లీకు ఎక్కడో చూసే పరీక్ష) చేయించండి. వేడి ఇంజిన్ మీద పెట్రోలు గానీ క్లీనర్ గానీ చల్లి వెతకమని ఎవరైనా చెబితే వినకండి, మంటలు అంటుకుంటాయి.

పాతకారు_అభిమాని:
ఆ రబ్బరును పగలగొట్టింది మాత్రం ఇథనాల్ కాదా?

గ్యారేజీ_నుంచి:
ఇంజెక్టర్ల దాకా వెళ్లే ఇంధన గొట్టాల విషయంలో మీ భయం సబబే, పాత కార్లలో వాటిని తప్పకుండా గమనించాలి. కానీ నేను ఇక్కడ చూడమన్న గొట్టాల్లో పారేది పెట్రోలు కాదు. వీటిని పాడుచేసేవి ఇంజిన్ వేడి, ఆయిల్ ఆవిరి, వయసు. కాకినాడ గారూ, లీకు సరిచేశాక కోడ్ చెరిపి, నాలుగు రోజులు నడిపి, ఐడిల్ ట్రిమ్ ఎంతకు దిగిందో ఇక్కడ రాయండి. అప్పటికీ 10 దాటి ఉంటే ఫ్యూయల్ ప్రెషర్ గేజ్ పెట్టి చూద్దాం.