ఫోన్లో "పరిష్కరించబడినది", వాకిట్లో మురుగు. ఏం చెయ్యాలండీ?

రిటైర్డ్_కండక్టర్:

అందరికీ నమస్కారం. ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి దిగినవాణ్ణి. ఇలాంటి చోట రాయడం కొత్త, తప్పులుంటే సర్దుకోండి.

మాది గోదావరి జిల్లాల్లో ఒక మునిసిపాలిటీ. పేరు చెప్పను, చెబితే రేపు కుళాయి కూడా ఆగుద్ది. మా వీధి చివర రామాలయం పక్కన కల్వర్టు ఉంది. జూన్‌లో తొలి వానకి అందులో ఏదో అడ్డం పడింది. అప్పట్నుంచి మురుగు వెనక్కి తన్ని మా నాలుగిళ్ల వాకిట్లోకి వస్తోంది. మా ఆవిడ ముగ్గు మానేసి రెండు నెలలైంది. కళ్లాపి చల్లిన పది నిమిషాలకి నల్లనీళ్లొస్తే ఎక్కడేస్తుంది?

మా అబ్బాయి హైదరాబాదు నుంచి "నాన్నా, ట్విట్టర్లో పెడితే వాళ్లే పరిగెత్తుకొస్తారు" అన్నాడు. (ఇప్పుడు దాన్ని ఎక్స్ అనాలట, నాకు నోరు తిరగదు.) వాడే అకౌంటు తెరిచి కమిషనర్నీ, కలెక్టర్నీ, మంత్రినీ ట్యాగ్ చేసి ఫోటో పెట్టాడు. గంటన్నరలో జవాబు: "మీ సమస్యను సంబంధిత అధికారికి పంపించాము." నిజం చెప్పొద్దూ, ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఆరో రోజు పొద్దున ఫోన్‌కి మెసేజీ: ఫిర్యాదు పరిష్కరించబడినది. అది చదివేటప్పటికి నేను వాకిట్లో ఇటుకల మీద అడుగులేసుకుంటూ పాలప్యాకెట్టు తెస్తున్నాను.

మళ్లీ పెట్టించా. మళ్లీ అదే మెసేజీ. ఈసారి శుభ్రమైన కాలవ ఫోటో కూడా జతచేశారు. మా కాలవ పక్కన వేపచెట్టుంటుందండి. ఫోటోలో కొబ్బరిచెట్టు!

కాలనీ వాట్సాప్ గ్రూపులో 160 మంది ఉన్నాం. అక్కడ పెడితే కింద వరసగా గులాబీలతో శుభోదయాలు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు. మురుక్కి దండమేంటండీ?

ఈ ఫోన్లతో నిజంగా పని చేయించుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే ఎలాగో చెప్పండి.

వార్డు_ఉద్యోగి_ఒకడు:

బాబాయ్ గారూ, నేను వేరే ఊళ్లో వార్డు సచివాలయంలో చేస్తున్నా. లోపలి సంగతి చెబుతా, కోప్పడకండి.

మీ ట్వీటు కమిషనర్ చూడరు. దానికోసం కూర్చోబెట్టిన కుర్రాడు చూస్తాడు. జవాబిచ్చేసి, దాన్ని ఒక ఫిర్యాదు నంబరుగా మార్చి మా లాగిన్‌లోకి తోస్తాడు. అక్కణ్ణుంచి గడువు నడుస్తుంది. గడువు దాటినవి ఎర్రగా కనిపిస్తాయి. మీటింగులో ఎన్ని ఎర్రగా ఉన్నాయనే అడుగుతారు, ఎన్ని కాలవలు పారుతున్నాయని ఎవరూ అడగరు. అందుకని ముందు ఎరుపు పోగొట్టడం, తర్వాత వీలుంటే పని. కొబ్బరిచెట్టు సంగతి అదీ.

ఇంకోటి. కాలవలో పూడికైతే శానిటేషన్ వాళ్లది, కల్వర్టు పగిలితే ఇంజినీరింగ్ వాళ్లది. తప్పు చోటికి వెళ్తే "మా పరిధిలోనిది కాదు" అని రాసి మూసేస్తారు. అదీ లెక్కలో పరిష్కారమే. "రామాలయం పక్కన" అని రాయకండి, మా ఊళ్లోనే అయిదు రామాలయాలున్నాయి. దగ్గర్లోని కరెంటు స్తంభం మీద నంబరుంటుంది, అది రాయండి.

అన్నిటికంటే ముఖ్యం: కొత్త ఫిర్యాదు పెట్టకండి. పెడితే పాతది చక్కగా ముగిసిపోయినట్టే. పాత నంబరే చెప్పి మళ్లీ తెరిపించండి. సోమవారం గ్రీవెన్స్‌కి కాగితం పట్టుకెళ్లి రసీదు తీసుకోండి.

2025 జనవరిలో 161 ప్రభుత్వ సేవలతో వాట్సాప్‌లో మన మిత్ర మొదలైంది కదా, సర్టిఫికెట్లకి బాగానే ఉంది. కాగితంతో తీరే పని ఫోన్‌లో తీరుద్ది. పార పట్టాల్సిన పనికి మనిషి రావాలి.

సీమ_పిల్లోడు_కాదు:

పదివేలు పారేసి మీరే జేసీబీ పెట్టించుకోండి సార్. బీపీ అయినా తగ్గుతుంది.

రిటైర్డ్_కండక్టర్:

టికెట్ తీసుకున్నాక బస్సు కూడా నన్నే తొయ్యమంటే ఎలా బాబూ? ఇంటి పన్ను కట్టిన రసీదు ఉంది నా దగ్గర.

లీడ్స్_తెలుగమ్మాయి:

అంకుల్, ఇంగ్లండులో ఫిక్స్‌మైస్ట్రీట్ అని ఒక సైటుంది. మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 2007లో పెట్టింది, ప్రభుత్వం కాదు. పోస్ట్‌కోడ్ కొడితే మ్యాపొస్తుంది. గుంత ఎక్కడుందో అక్కడ పిన్ను గుచ్చి రెండు ముక్కలు రాస్తే చాలు. అది ఏ కౌన్సిల్ (ఇక్కడి మునిసిపాలిటీ లాంటిది) కిందికొస్తుందో సైటే వెతికి వాళ్లకి పంపుతుంది. పైన అన్న చెప్పిన "మా పరిధి కాదు" గొడవ చాలావరకు అక్కడే పోతుంది. చుట్టుపక్కల ఇంకెవరు ఏం రాశారో అందరికీ కనిపిస్తుంది కాబట్టి ఒకే గుంతకి నలుగురూ విడివిడిగా మొత్తుకోనక్కర్లేదు.

నాకు నచ్చిందేంటంటే, నాలుగు వారాలయ్యాక "బాగైందా?" అని మెయిలొస్తుంది. అడిగేది కౌన్సిల్‌ని కాదు, రాసిన మనల్ని. మనం కాలేదంటే కాలేదనే అందరికీ కనపడేలా ఉంటుంది.

అలాగని ఇక్కడంతా బంగారం అనుకోకండి. మా వీధిలో ఫుట్‌పాత్ రాయి లేచి ఒక పెద్దావిడ తట్టుకుని పడింది. నేను రాస్తే "ఆ ఎత్తు మా కొలతకి రాలేదు" అని జవాబొచ్చింది. టేపు పెట్టి ఫోటో తీసి మళ్లీ రాశాను. అప్పుడొచ్చారు.

అనంతపురం_అన్న:

పెద్దాయనా, ఈ అమ్మి చెప్పింది మా జిల్లాలో మ్యాపుల్లేకుండానే చూసినాం. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మా బండ్లపల్లిలోనే మొదలాయ. ఆ ఏడే మన రాష్ట్రంలో దానికి సామాజిక తనిఖీ కూడా పెట్టినారు. కూలోళ్ల ఇండ్లల్లో చదువుకున్న పిల్లోళ్లకే శిక్షణ ఇచ్చి పంపేవాళ్లు. నేనూ కొన్నాళ్లు తిరిగినా.

పని పెద్దదేం కాదు. మస్టరు (కూలోళ్ల హాజరు పట్టీ) కాపీ తీసుకుని ఇల్లిల్లూ తిరిగి పైకి చదవడమే. ఒకింట్లో "మీ కొడుక్కి ఆరు దినాల కూలి పడింది" అని చదివితే ఆ తల్లి నవ్వి, "వాడు బెంగుళూర్లో తాపీ పనికి పొయ్యి యాడాదాయ" అనె. అంతే, దొరికిపాయ. ఊర్లో రాసుకున్నదంతా మండలంలో ప్రజావేదిక మీద అధికారుల ముందరే చదివేది. పని చేసినోడే "పని అయింది" అని సంతకం పెడితే చెల్లదు, కూలోడు ఔనన్యాల.

మీరు ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేయండి. మునిసిపాలిటీకి పది రూపాయలు, గడువు 30 రోజులు. "కాలవ ఎప్పుడు తీస్తారు" అని అడగొద్దు, దానికి సమాధానం రాదు. "ఫలానా నంబరు ఫిర్యాదు ఏ తేదీన మూసినారు, ఎవరు వచ్చి చూసినారు, జతచేసిన ఫోటో కాపీ ఇవ్వండి" అని అడగండి. కొబ్బరిచెట్టు వాళ్ల సంతకంతోనే మీ ఇంటికొస్తుంది.

రిటైర్డ్_కండక్టర్ (మూడు వారాల తర్వాత):

అందరూ చెప్పింది కలిపి చేశానండి.

కండక్టరు బుద్ధి ఎక్కడికి పోద్ది? స్టేజీ స్టేజీకీ ఎస్సార్ (టికెట్ల లెక్క కాగితం) రాసిన చెయ్యి. గీతల పుస్తకం కొని తేదీ, స్తంభం నంబరు, ఫిర్యాదు నంబరు, వాళ్లు ఏమన్నారు, మా వీధిలో ఎవరు చూశారు అని గడులు గీశాను. చివరి గడిలో రోజుకొకరి సంతకం. పెద్ద గ్రూపు వదిలేసి 19 మందితో వేరే గ్రూపు పెట్టాం. శుభోదయం పెడితే తీసేస్తానని ముందే చెప్పా, మా బావమరిదినే తీసేశా. రోజూ ఒక ఫోటో, అందులో వేపచెట్టూ స్తంభం నంబరూ రెండూ పడాలి. పాత ఫిర్యాదే తెరిపించి, దాని కిందే ట్విట్టర్లో రోజుకో ముక్క: "ఇవాళ కూడా నీళ్లు ఉన్నాయి." తిట్టలేదు, ఎవర్నీ ట్యాగ్ కూడా చెయ్యలేదు. ఆర్టీఐ పోస్టులో పంపా, జవాబు ఇంకా రాలేదు.

పన్నెండో రోజు ఇద్దరు పారిశుధ్య కార్మికులొచ్చారు. పొడుగాటి వెదురుకి కొక్కెం కట్టి అరగంట కుస్తీ పడితే బయటికొచ్చింది... సగం బూరుగుదూది పరుపు! ఆ నీలం గళ్ల గుడ్డ ఎవరింటిదో చూడగానే వీధంతా గుర్తుపట్టింది. ఒక్కరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదనుకోండి, పక్కిల్లే.

ఆ ఇద్దరి చేతులకి తొడుగుల్లేవు. ఏమయ్యా అంటే "వస్తాయన్నారండి" అన్నారు. అదీ పుస్తకంలో రాశా.

నీళ్లు పోయాయి. మెసేజీ వచ్చింది, పరిష్కరించబడినది అని. కానీ తోడిన పూడిక కాలవ గట్టు మీదే కుప్ప పోసి వెళ్లారు. వాన పడితే మళ్లీ లోపలికే. కొత్త పేజీ తిప్పాను. ఇవాళ మూడో రోజు, స్తంభం నంబరు అదే.