'జార్' అంటే రాజా, చక్రవర్తా?

పాతపుటలు: 1547 జనవరి 16న మాస్కోలో రష్యా పాలకుడు నాలుగవ ఇవాన్‌కు జార్‌గా పట్టాభిషేకం జరిగింది. ఒక వ్యాసం అనువదిస్తూ నేను ఆ బిరుదును 'రాజు' అని వ్రాశాను. పత్రిక సంపాదకులు నాతో మాటైనా చెప్పకుండా అంతటా 'చక్రవర్తి' అని మార్చి అచ్చువేశారు. ఇది న్యాయమేనా?

ధాతువు: న్యాయమే. రోమన్ల 'కైసర్' స్లావుల నోట నలిగి, కురచబడి 'జార్' అయింది. జర్మన్ల 'కైజర్' కూడా దాని తోబుట్టువే. పుట్టుకలోనే చక్రవర్తి ఉన్న మాటను 'రాజు' అనడం దాని స్థాయి తగ్గించడం.

చలిమంట: అసలు 'జార్' అనడమే తప్పు. రష్యన్‌లో తొలి ధ్వని మన 'చలి', 'చుక్క'లలోని దంత్య చకారం. 'ౘార్' అని వ్రాయాలి.

పాతపుటలు: ఉచ్చారణ సంగతి తరువాత చూద్దాం. మూలం కైసరేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే స్లావిక్ బైబిలులో దావీదు, సొలొమోను కూడా జార్‌లే. రష్యన్లు తాము కప్పం కట్టిన తాతారు ఖానులను సైతం ఆ మాటతోనే పిలిచారు. జార్ అంటేనే చక్రవర్తి అయితే, స్వీడన్‌ను ఓడించాక 1721లో మొదటి పీటర్ 'ఇంపెరాతర్' (చక్రవర్తి) అనే కొత్త బిరుదు ఎందుకు తీసుకున్నట్లు?

ధాతువు: తూర్పు రోమన్ చక్రవర్తుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌ను రష్యన్లు 'జార్‌గ్రాద్' అన్న సంగతి మీరు దాటవేశారు. అది చక్రవర్తి నగరం. 1453లో అది తురుష్కుల వశమయ్యాక, ఆ వారసత్వం తనదేనన్న మాస్కో ధీమా ఇవాన్ బిరుదులో వినిపిస్తుంది.

బాటసారి: రష్యా చివరి చక్రవర్తి రెండవ నికొలాయ్ బిరుదావళిలో రెండూ ఉన్నాయి. సమస్త రష్యాకు ఇంపెరాతర్. కజాన్, ఆస్త్రఖాన్, పోలెండ్, సైబీరియా, జార్జియాలకు జార్.

ధాతువు: పాతపుటలు గారూ, మీ పోరు సంపాదకుడితో. దానికి చరిత్రను అడ్డు పెట్టుకోకండి.

పాతపుటలు: కోపం ఉన్నమాట నిజమే, దాచను. 'రాజుగా ఉన్న పీటర్ చక్రవర్తి అయ్యాడు' అని నేను వ్రాసిన వాక్యం, ఆ దిద్దుబాటు తరువాత నా పేరు కిందనే 'చక్రవర్తిగా ఉన్న పీటర్ చక్రవర్తి అయ్యాడు' అని అచ్చయింది. మాట ఎక్కడ పుట్టిందో మీరు చెబుతున్నారు. 1721 నాటికి అది ఎంత చేసేదో నేను అడుగుతున్నాను.

ధాతువు: ఈ వాక్యం మొదటే చూపవలసింది. పీటర్ దగ్గర ఆ మార్పు తప్పే, అక్కడ 'జార్' అనే ఉంచాలి. ఇవాన్ దగ్గర మాత్రం 'రాజు' అంటే ఒప్పుకోను.

చలిమంట: 'ౘార్' అని ఉంచాలి.