పరీక్షకు విడిగా డబ్బు అడిగే మెకానిక్‌ను నమ్మాలా, ఊరికే చూసిపెట్టేవారిని నమ్మాలా?

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

నా దగ్గర 2006లో తయారైన డీజిల్ పికప్ ఉంది. నాలుగు సిలిండర్ల కామన్ రైల్ ఇంజన్ (పంపు డీజిల్‌ను రైలు అనే ఒకే గొట్టంలో అధిక పీడనంతో నింపితే, అక్కడి నుంచి అన్ని సిలిండర్లకు వెళ్ళే రకం), ఇప్పటికి 3,10,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది గాని, గంటసేపు తిరిగి ఆపిన తరువాత మళ్ళీ తాళం తిప్పితే పది పన్నెండు సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ దీపం వెలిగి, బండి లాగడం మానేస్తోంది.

రెండు షెడ్లలో చూపించాను. మొదటి మెకానిక్ స్కానర్ తగిలించి, ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన పి0087 అనే లోపం కోడ్ చూసి, హైప్రెషర్ పంపు పోయిందని, కొత్తది వేయాలని ఐదు నిమిషాల్లో తేల్చి చెప్పారు. చూసినందుకు పైసా తీసుకోలేదు. రెండో ఆయన బండిని ఒక పూట వదిలి వెళ్ళమన్నారు. పరీక్షకు విడిగా రుసుము అవుతుందని, పని తన దగ్గర చేయించినా చేయించకపోయినా అది తిరిగి ఇవ్వనని ముందుగానే చెప్పారు. చూడడానికే డబ్బు అడిగేవాడు పనికి ఎంత గుంజుతాడో అని మా వాళ్ళందరూ అంటున్నారు. నాకు ఎటూ తేలడం లేదు. ఇద్దరిలో ఎవరిని నమ్మవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రెండవ సభ్యుడు:

ముప్పై ఏళ్ళుగా డీజిల్ బండ్లు నడుపుతున్నవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పని చేసినందుకు కూలి ఇవ్వాలి, పార్టు వేసినందుకు పార్టు ధర ఇవ్వాలి. చూసినందుకు డబ్బు ఇవ్వడమన్నది నాకు మింగుడుపడదు. నేను నమ్మిన మెకానిక్ బండి షెడ్డులోకి వస్తుండగానే శబ్దం విని, ఏ సిలిండర్ మిస్ కొడుతోందో చెప్పేవారు. బానెట్ ఎత్తి, ఇంజన్ ఆడుతూ ఉండగానే ఒక్కొక్క నాజిల్‌కు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) వెళ్ళే పైపు నట్టు కొద్దిగా వదులు చేసి, ఏ పైపు వదిలినప్పుడు ఇంజన్ శబ్దంలో మార్పు రాలేదో దాన్ని పట్టుకునేవారు. ఆ పనికి ఏనాడూ విడిగా అడగలేదు.

పైగా, పరీక్ష రుసుము ఇచ్చినంత మాత్రాన పరీక్ష జరిగినట్టు కాదు. రుసుము తీసుకుని స్కానర్ తగిలించి, అందులో వచ్చిన అక్షరాలు కాగితం మీద రాసి ఇచ్చి, దానికి డయాగ్నసిస్ అని పేరు పెట్టిన షెడ్డును నేను స్వయంగా చూశాను. పాత బండికి కావలసింది ఏళ్ళ తరబడి దాన్ని ఎరిగిన మనిషి. ఒకరినే అంటిపెట్టుకుని చిన్న పనుల నుంచి మొదలుపెడితే, ఆ మనిషి ఎలాంటివారో మీకే తెలుస్తుంది. నమ్మకం అలా కుదురుతుంది గాని రుసుముతో కొనేది కాదు.

మూడవ సభ్యురాలు:

పై సభ్యులు చెప్పినదాంట్లో ఒక మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. స్కానర్ తగిలించి కోడ్ చదవడం పరీక్ష కాదు. సరిగ్గా అందుకే, ఇక్కడ ఊరికే చూసిపెట్టిన మొదటి మెకానిక్ మాట మీద నాకు నమ్మకం కలగడం లేదు. ఆయన చేసింది కూడా కోడ్ చదవడమే కదా?

పి0087 అంటే రైలులో ఇంధన పీడనం ఉండవలసినదానికంటే తక్కువగా ఉందని మాత్రమే అర్థం. ఎందుకు తక్కువగా ఉందో ఆ కోడ్ చెప్పదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే కోడ్ వస్తుంది. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఎక్కడో చీలి గాలి తీసుకుంటున్నా, రైలు మీది పీడన నియంత్రణ వాల్వు సరిగా మూసుకోకపోయినా, అరిగిన ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) లోపలి నుంచి డీజిల్‌ను ట్యాంకుకు వెనక్కి వెళ్ళే రిటర్న్ పైపులోకి వదిలేస్తున్నా, ఆఖరికి పీడనాన్ని కొలిచే సెన్సరే తప్పు చెబుతున్నా ఇదే వస్తుంది. పంపు అరగడం ఇన్ని కారణాల్లో ఒకటి, అదీ వీటన్నిటిలోకి ఖరీదైనవాటిలో ఒకటి.

మీరు చెప్పిన లక్షణాన్ని గమనించండి. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుంటుంది, వేడెక్కాక సతాయిస్తుంది. డీజిల్ వేడెక్కితే పలచబడుతుంది, పలచబడిన డీజిల్ అరిగిన సందుల్లోంచి మరింత సులువుగా జారిపోతుంది. తాళం తిప్పినప్పుడు రైలులో పీడనం ఒక మేరకు, అంటే చాలా ఇంజన్లలో సుమారు 150 నుంచి 250 బార్ (పీడనానికి కొలమానం) వరకు లేస్తే గాని ఇంజన్ కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవదు. పంపు కష్టపడి పీడనం పుట్టిస్తున్నా ఇంజెక్టర్లు దాన్ని వెనక్కి వదిలేస్తుంటే మీరు పది సెకన్లు సెల్ఫ్ కొట్టాల్సిందే. అరిగిన పంపు కూడా ఇలాంటి లక్షణమే చూపగలదు కాబట్టి ఇంజెక్టర్లే కారణమని నేను ఇక్కడినుంచి తీర్పు చెప్పడం లేదు. రెంటినీ వేరుచేసి చూడకుండా ఏ ఒక్కదాన్నీ మార్చకూడదని మాత్రం గట్టిగా చెబుతాను.

వేరుచేసి చూడడం పెద్ద బ్రహ్మవిద్య కూడా కాదు. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు విప్పి, వాటి స్థానంలో సన్నని పారదర్శక గొట్టాలు తగిలించి, ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న సీసాలోకి వదులుతారు. వేడెక్కిన ఇంజన్‌ను కొన్ని నిమిషాలు నడిపిస్తే, ఏ సీసాలో ఎంత డీజిల్ చేరిందో పక్కపక్కనే కనబడుతుంది. ఇంజెక్టర్లు బాగుంటే నాలుగూ ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటాయి. ఒకటి అరిగితే ఆ సీసా మిగతావాటికంటే చాలా ముందుగా నిండిపోతుంది. చదువు రానివారికి కూడా అర్థమయ్యే పరీక్ష ఇది. కాని దీనికి ఇంజన్ వేడెక్కాలి, పైపులు విప్పి బిగించాలి, ఒక మనిషి దగ్గరుండి చూడాలి. ఆ శ్రమకు కూలి లేకపోతే ఏ మెకానిక్ చేస్తారు? ఊరికే చూసే షెడ్డుకు ఆదాయం వచ్చేది ఏదో ఒక పార్టు అమ్ముడైనప్పుడే. మనిషి ఎంత మంచివారైనా, "మీ బండికి కొత్త పార్టేమీ అక్కర్లేదు, గొట్టం బిగిస్తే చాలు" అని చెప్పినందుకు ఆయనకు ఆ రోజు కూలి కూడా గిట్టదు.

మొదటి మెకానిక్ సలహాలో ఇంకో లోపం ఉంది. పంపు నిజంగానే లోపల ఒరుసుకుని చెడిపోయి ఉంటే దాని నుంచి రాలిన ఇనుప రజను రైలులోకి, ఇంజెక్టర్లలోకి, రిటర్న్ గుండా ట్యాంకులోకి కూడా చేరుతుంది. అప్పుడు పంపు ఒక్కటే మారిస్తే ఆ రజను కొత్త పంపును కూడా తినేస్తుంది. కాబట్టి పంపు పోయిందన్నవారు ముందుగా ఫిల్టర్ విప్పి, అందులో మెరిసే రజను ఉందో లేదో చూపించాలి. ఆయన ఫిల్టర్ విప్పినట్టు మీరు రాయలేదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మా కుటుంబానికి పికప్ మీదే జీవనం. ఒకసారి బండి బరువు లాగక, నల్లగా పొగ కొడుతుంటే, ఒక షెడ్డులో చూడగానే టర్బో (ఇంజన్‌లోకి గాలిని తోసే భాగం) పోయిందన్నారు. నమ్మి మార్పించాము. మూడు వారాల్లో మళ్ళీ అదే పొగ. వేరే మెకానిక్ దగ్గరకు వెళితే ఆయన ఇంజన్ ఆపించి, టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్ళే రబ్బరు గొట్టం చుట్టూ, కింది వైపుకు చేయి పోనిచ్చి తడిమారు. వేళ్ళు నల్లగా, జిడ్డుగా బయటికి వచ్చాయి. క్లిప్పు విప్పి గొట్టాన్ని తిప్పి చూపిస్తే, పైనుంచి చూసేవారికి కనబడని చోట, వేలెడంత పొడవున చీలిక ఉంది. బరువు పడి టర్బో గాలి తోసినప్పుడల్లా ఆ చీలిక తెరుచుకుని గాలి బయటికి పోతోంది. గాలి చాలక డీజిల్ సగం కాలి నల్లపొగగా వస్తోంది. అసలు తప్పు ఒక గొట్టానిది, మేము మార్చింది టర్బో. ఆ పాత టర్బోను మాకు చూపించలేదు, మేము కూడా అడగలేదు. ఆ బాధ ఈనాటికీ నన్ను వదల్లేదు.

అందుచేత రుసుము అడిగారా లేదా అన్నది కాదు నేను చూసేది. ఏమి కొలుస్తారు, ఎంత రావాలి, అంత రాకపోతే తరువాత ఏమి చూస్తారు? ఈ మూడు ప్రశ్నలు అడగండి. తడుముకోకుండా జవాబు చెప్పి, కొలతలు కాగితం మీద రాసి ఇస్తానన్నవారికి నేను సంతోషంగా రుసుము ఇస్తాను. ఆ కాగితం పట్టుకుని వేరే షెడ్డుకు వెళ్ళే స్వేచ్ఛ కూడా నాకు ఉంటుంది.

నాలుగవ సభ్యుడు:

నేను డీజిల్ మెకానిక్‌ను. ఇరువైపులా కొన్ని మాటలు సరిదిద్దవలసి ఉంది.

రెండవ సభ్యులు చెప్పిన పైపు వదులు చేసే పద్ధతి నిజమైనదే. కంప్యూటర్ లేని పాత మెకానికల్ పంపు బండ్ల మీద నేను కూడా అలాగే నేర్చుకున్నాను. కాని దయచేసి కామన్ రైల్ ఇంజన్ మీద ఎవ్వరూ ఆ పని చేయవద్దు. కామన్ రైల్ కార్లు 1997లో మార్కెట్‌లోకి వచ్చినప్పటి నుంచే రైలులో పీడనం 1,000 బార్‌కు మించి లేస్తోంది, తరువాతి తరాల్లో 1,600, 2,000 దాకా వెళ్ళింది. అంత ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయటికి సూది గుచ్చినంత గాయమే కనబడినా, లోపల కండ కుళ్ళి వేళ్ళు తీసేయవలసిన ప్రమాదం ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చెవితో వినే విద్యను నేను తక్కువ చేయను. ఆ విద్య ఏ ఇంజన్‌కు ఎంతవరకు పనికి వస్తుందో తెలియడం కూడా విద్యలో భాగమే.

మూడవ సభ్యురాలి వాదన చాలావరకు సరైనదే గాని, పాత పార్టు ఇంటికి ఇచ్చెయ్యాలని ప్రతి మెకానిక్‌ను పట్టుబట్టకండి. బాగుచేసిన ఇంజెక్టర్లు, టర్బోలు మార్పిడి పద్ధతిలో వస్తాయి. పాతది తిరిగి పంపితేనే ఆ ధర వర్తిస్తుంది. మీ ఎదుట విప్పి చూపించారా లేదా అన్నదే చూడండి.

పరీక్ష రుసుమును పని బిల్లులో తగ్గించమని చాలామంది అడుగుతారు. నేను తగ్గించను. తగ్గిస్తే, ఏదో ఒక పని దొరకాలన్న ఆశ మళ్ళీ నా మనసులోకి వస్తుంది. దొరికినా దొరకకపోయినా నా కూలి నాకు వస్తుందన్నప్పుడే "ఏమీ లేదు, తీసుకెళ్ళండి" అనే మాట నా నోటి నుంచి హాయిగా వస్తుంది.

ఇంకొకటి. ఇంత వయసున్న బండికి అంచనా ఇదే, రూపాయి కూడా మారదని ఎవరైనా అంటే జాగ్రత్తపడండి. ఇంజెక్టర్లు హెడ్డులో (సిలిండర్ల పై మూతలో) మసి పట్టి బిగుసుకుపోతాయి, చల్లని ఇంజన్ అందుకోవడానికి వేడిచేసే గ్లో ప్లగ్గులు విప్పుతుండగా విరిగి ముక్క లోపలే ఉండిపోతుంది. అవి సులువుగా వస్తే ఇంత, రాకపోతే ఇంత, విరిగితే పని ఆపి మీకు ఫోన్ చేస్తాను అని రెండు మూడు మెట్లుగా చెప్పేవారే నిజం చెబుతున్నట్టు. ఇంజెక్టర్ మార్చాక దాని మీది కోడ్‌ను ఇంజన్ కంప్యూటర్‌లో ఎక్కించవలసిన బండ్లు చాలా ఉన్నాయి. అది తమ దగ్గర అవుతుందా అని కూడా ముందే అడగండి.

రెండవ సభ్యుడు:

పైపు వదులు చేయడం గురించి చెప్పిన హెచ్చరికను ఒప్పుకుంటున్నాను. నేను చెప్పిన అనుభవమంతా మెకానికల్ పంపు బండ్లదే, ఆ సంగతి ముందే రాయవలసింది. అయినా ఒక సందేహం మిగిలే ఉంది. కొలత కాగితం మీద రాసేది కూడా ఆ మెకానికే కదా? సీసాలు నా ముందు పెట్టకుండా అంకెలు మాత్రమే చేతికిస్తే, వాటిని నమ్మడానికైనా మళ్ళీ మనిషినే నమ్మాలి. అందుకని రుసుము ఇస్తే ఇవ్వండి గాని, పరీక్ష జరుగుతున్నంతసేపు పక్కన నిలబడనిస్తారా అని అడగండి. నిలబడనివ్వకపోతే ఆ షెడ్డు వద్దు.

చర్చ మొదలుపెట్టిన సభ్యుడు:

అందరికీ కృతజ్ఞతలు. రెండో మెకానిక్ దగ్గరకు వెళ్ళి ఆ మూడు ప్రశ్నలతో పాటు, పక్కన నిలబడవచ్చా అని కూడా అడిగాను. స్టూలు ఒకటి జరిపి కూర్చోమన్నారు.

మొదట ఫిల్టర్ విప్పి తెల్లటి పళ్ళెంలో వంచారు. కొంత మడ్డి ఉంది గాని రజను లేదు. తరువాత ఇంజన్ బాగా వేడెక్కించి ఆపి, స్కానర్‌లో రైలు పీడనం చూపిస్తూ సెల్ఫ్ కొట్టారు. అంకె 120 దగ్గర ఊగిసలాడుతూ చాలాసేపటికి గాని 200 దాటలేదు, దాటగానే ఇంజన్ అందుకుంది. ఆపై సీసాలు కట్టారు. నాలుగు నిమిషాలు గడిచేసరికి మూడో సీసా మెడ దాకా నిండింది, మిగతా మూడింటిలో అడుగున రెండు వేళ్ళ మందం కూడా లేదు. చివరగా ఆ మూడో ఇంజెక్టర్ రిటర్న్ దారిని, దానికి వెళ్ళే రైలు పైపును మూసి మళ్ళీ సెల్ఫ్ కొడితే, పీడనం రెండు సెకన్లలోనే 250 దాటింది, మూడు సిలిండర్ల మీద ఇంజన్ కుదుపుతూ లేచింది. పంపు బాగానే ఉందని ఆయన చెప్పనక్కర్లేకుండానే నాకు అర్థమయింది. కొలతలన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చారు, రుసుము తీసుకున్నారు.

ఇప్పుడు ఒక్క ఇంజెక్టరే మార్చాలా, 3,10,000 కిలోమీటర్లు తిరిగినవి కనుక నాలుగూ మార్చాలా అన్నది తేలలేదు. నాలుగూ మార్చమని ఆయన అనలేదు. మిగతా మూడింటిని విప్పి టెస్ట్ బెంచ్ మీద పెట్టించి, చిమ్మే పరిమాణం, రిటర్న్ చూసిన తరువాత నిర్ణయిద్దామన్నారు, విప్పేటప్పుడు హెడ్డులో బిగుసుకుంటే ఏమవుతుందో కూడా చెప్పారు. సోమవారం బండి ఇస్తున్నాను. బెంచ్ అంకెలు రాగానే ఇక్కడ పెడతాను, నాలుగవ సభ్యులు ఒకసారి చూసి చెప్పగలరని కోరుతున్నాను.