తాత సందుగల మెడల్స్ దొరికినయి, తోముడా వద్దా?

పరకాల పోరడు:
అందరికి నమస్తే. మాది పరకాల దిక్కు పల్లె, నేను హన్మకొండల ఉంటున్న. ఊర్ల పాత ఇల్లు కూలగొడ్తున్నమని పోయిన నెల సామాన్లు సదురుతుంటె అటక మీద మా తాత ఇనుప సందుగ దొరికింది, తాళంచెవి ఎవరి దగ్గర లేకపోతె పట్టుకారు పెట్టి గొళ్ళెం పీకినం. లోపట ఏమున్నయంటె మూడు మెడల్స్ (రెండు చుక్కల లెక్క ఆరు కొనలతోని ఉన్నయి, ఒకటి గుండ్రంగ రూపాయి బిళ్ళ కంటె పెద్దగ, మూడిటికి రంగు రంగుల రిబ్బన్లు), ఖాకీ ఉన్ని కోటు ఒకటి, దానికి ఇత్తడి గుండీలు, తోలు బెల్టు, నాలుగు మడతలు పెట్టిన ఇంగ్లిష్ కాయితం, రెండు తూటాలు, ఇంక ఏవో చిల్లర సామాన్లు.

తాత నేను పుట్టకముందే పోయిండు. పెద్ద లడాయిల రంగం (రంగూన్, బర్మా దిక్కు) పోయి జపానోళ్ళ మీద తుపాకి పేల్చిండని బాపమ్మ ఎప్పుడు చెప్తుంటది, ఇంతకు మించి ఎవ్వరికి ఏం తెల్వది.

ఇప్పుడు లొల్లి ఏందంటె, మా చిన్నబాపు గుండ్రటిది వెండిదేనని అవుసులాయన దగ్గరికి తీస్కపోతనంటుండు. మా బామ్మర్ది ఇంకో కథ, నన్ను అడగకుండనే ఒక చుక్కకు చింతపండు ఏసి గట్టిగ రుద్దిండు, మెరుస్తుంది గాని అంచుల పొంట ఎర్రగ అయింది. మిగిలినయి కూడ తోమించి, ఫ్రేమ్ కట్టించి హాల్ల పెట్టాలె, కాయితం ల్యామినేషన్ చేయియ్యాలె అనుకుంటున్న. తెలిసినోళ్ళు జర చెప్పుండ్రి.

కాజీపేట 1972:
ఇత్తడి తోమే పొడి పెట్టు తమ్మి, రెండు నిమిషాలల్ల అద్దం అయితది. మురికి పట్టిన మెడల్ గోడకు ఎవడు పెట్టుకుంటడు.

కరీంనగర్ రిటైర్డ్ హవల్దార్:
అన్నా కాజీపేట, నీకు దండం పెడ్త, గట్ల చెప్పకు. తమ్మి, నువ్వు మెడల్స్ ఏడ పెట్టినవో ఆడనే ఉంచి ముందుగాల ఇది చదువు.

మెడల్స్ కంటె ముందు తూటాల ముచ్చట. మధ్యల మెల్లగ చెప్పి పోయినవ్ గాని అన్నిట్ల అదే పెద్దది. ముందట గుండు కూసోని ఉన్నదా, ఉత్త ఇత్తడి గొట్టమా? గుండు ఉంటె లోపట మందు ఉన్నట్టే అనుకోవాలె, ఎనభై ఏండ్లు ఐనా సరే. దాన్ని గీకుడు, ఎండల పెట్టుడు, లాగి చూసుడు ఏం చెయ్యకు, పిల్లగాండ్లకు అందకుండ ఒక దిక్కు పెట్టి మీ పోలీస్ స్టేషన్ల చెప్పు. లైసెన్స్ లేకుండ తూటా ఇంట్ల ఉంచుకునుడు 1959 ఆయుధాల చట్టం కింద నేరం, తాతది అంటె నడ్వది. ఖాళీదైనా అదే పోకల చూపెట్టి అడుగు. నువ్వే పోయి ఇట్ల సందుగల దొరికిందని చెప్తె అయిపోతది, దాచిపెట్టినంక ఎవడో చూసి చెప్తె అప్పుడుంటది తిప్పలు.

ఇగ మెడల్స్. ఆరు కొనల చుక్కలు రెండో ప్రపంచ యుద్ధానివే, మొదటిదాంట్ల చుక్క నాలుగు కొనలతోని ఉంటది. నడుమ రాజు పేరు అక్షరాలు, వాటి సుట్టు చిన్న పట్టీల మెడల్ పేరు ఉంటది చూడు. రిబ్బన్ నడుమ వెడల్పు ఎర్ర పట్టీ, రెండు దిక్కుల ముదురు నీలం, ఆ నీలంల సన్నటి నారింజ గీత ఉంటె అది బర్మా స్టార్. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం మూడు సమానంగ ఉంటె 1939-45 స్టార్. గుండ్రటిది వార్ మెడల్ అయి ఉంటది, ఒక దిక్కు కిరీటం పెట్టుకున్న రాజు తలకాయ, ఇంకో దిక్కు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. అదే అయితె మీ చిన్నబాపుకు చెప్పు, వెండి కాదు, రాగి నికెల్ కలిపింది. అవుసులాయన కరగబెట్టినా చాయ పైసలు రావు.

చింతపండు సంగతి. చుక్కలు రాగి, జింకు కలిపిన లోహం. పులుపు తగిలితె పై పొర నుంచి జింకు పోయి రాగి బయటపడ్తది, నువ్వు చూసిన ఎరుపు అదే. అయిన కాడికి అయింది, దాన్ని మళ్ళ నల్లగ చేస్తనని ఇంకేదో పుయ్యకు. మంచి నీళ్ళతోని, అయితె డిస్టిల్డ్ వాటర్‌తోని, పులుపు పోయేటట్టు కడిగి మెత్తటి గుడ్డతోని అద్దుకుంట ఆరబెట్టి వదిలెయ్. రిబ్బన్ మాత్రం తడవనియ్యకు, ఆ రంగులు కారుతయి. మిగిలిన రెంటిని ముట్టుకోకు. ఆ నల్లటి పొర మురికి కాదు, ఎనభై ఏండ్ల గాలి పట్టిన పొర, లోపటి లోహాన్ని అదే కాపాడ్తది. పొడి పెట్టి రుద్దిన ప్రతిసారి లోహం కొంచెం కొంచెం అరుగుతది, అరిగేటప్పుడు మొదలు పోయేది అంచు మీది అక్షరాలు.

అసలు పాయింట్ ఇదే. బ్రిటిష్ సిపాయిలకు ఇచ్చిన రెండో యుద్ధం మెడల్స్ మీద పేరు ఉండదు, ఖాళీగ ఇచ్చిన్రు. మన ఇండియన్ ఆర్మీ వాళ్ళకు ఇచ్చినవాటి మీద చాలావరకు నంబర్, ర్యాంకు, పేరు, యూనిట్ కొట్టి ఉంటది. గుండ్రటి దాని అంచు మీద, చుక్కల ఎనక దిక్కు చూడు. పొద్దటి ఎండల కిటికి కాడ నిలబడి భూతద్దం పెట్టి, మెడల్‌ను ఏటవాలుగ తిప్పుకుంట చదువు. చేతులకు చెమట ఉంటది, ఆ ఉప్పు లోహాన్ని తింటది, అందుకని డాక్టర్లు ఏసుకునే నైట్రైల్ గ్లవుజులు ఏసుకో. రాసి ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టు, తాత పేరు వద్దు, యూనిట్ చాలు.

మిల్స్ కాలనీ అక్క:
హవల్దార్ సారు మెడల్స్ చెప్పిండు, నేను కోటు చెప్త, నాకు బట్టలే తెలుసు, మా నాయన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లుల చేసిండు. ఉన్ని కోటు అంటున్నవు కద, పురుగు తిన్న బొక్కలు ఉన్నయా చూడు, చంకల కింద, కాలర్ కింద, గుండీల ఎనక. తెల్లటి గూడు లెక్క, ఇసుక లెక్క రాలుతుంటె పురుగు ఇంక బతికే ఉన్నది. దాన్ని సంపనీకి ఎండల ఏస్తరు మనోళ్ళు, ఎండ వద్దు, రంగు పోతది. గట్టి ప్లాస్టిక్ కవర్ల గాలి తీసి మూతి కట్టి డీప్ ఫ్రీజర్ల రెండు వారాలు పెట్టు, ఐస్‌క్రీం గట్టిగ ఉండేంత సల్లగ ఉండాలె, ఇంట్ల ఫ్రిజ్ పై అర సరిపోకపోవచ్చు. తీసినంక కవర్ ఇప్పకుండ ఒక దినమంత బయట ఉండనియ్, లేకుంటె చెమ్మ పట్టి ఇంకో తిప్పల. కలరా ఉండలు ఏసి వదిలేస్తె అయిపోయిందనుకోకు, ఆ ఘాటు మనిషికి మంచిది కాదు, బట్టకు అంటిన చోట మరక కూడ పడ్తది.

ఉతుకుడు అసలే వద్దు, డ్రై క్లీనింగ్ కూడ వద్దు. ఇనుప తీగ హ్యాంగర్‌కు తగిలేస్తె బుజాలు గుంజుకపోతయి, హ్యాంగర్‌కు దూది పెట్టి దాని మీద పాత కాటన్ చీర సుట్టుకో, లేదంటె పెద్ద డబ్బల పరిచి, మడత కాడ బట్ట ఉండలు పెట్టు, మడత గీతల మీదనే బట్ట చినుగుతది. గుండీలు తీయ్యకు కుట్టు ఇప్పకు, పాత దారం కూడ అప్పటిదే.

బెల్టు తోలు ఎండి పొడి పొడిగ రాలుతుంటె నూనె పెట్టకు. కొబ్బరి నూనె అసలే పెట్టకు, మొదలు మెత్తగ అనిపిస్తది, తర్వాత జిడ్డు ఎక్కి బూజు పడ్తది. ఇత్తడి బకిలు కాడ ఆకుపచ్చగ మైనం లెక్క ఉంటె అది తోలుల కొవ్వుకు ఇత్తడికి పడక వచ్చింది, ఎదురు పుల్లతోని మెల్లగ తీయ్, ఆ రెంటి నడుమ కాయితం ముక్క పెట్టు. ఇంక ల్యామినేషన్ అన్నవు చూడు, నాకు గుండె ఆగినంత పని అయింది. మా ఇంట్ల మా నాయన సర్టిఫికెట్ చేయించినం, ఇప్పుడు లోపట పసుపు పచ్చగ అయి బుడగలు లేసినయి, తీద్దామంటె కాయితం పొర ఊడొస్తది. వేడి, బంక రెండు కలిసి దాన్ని సంపుతయి. స్కాన్ తీయించి, అసలుది మడత ఇప్పి పాలిస్టర్ కవర్ల పెట్టు. టేపు అంటియ్యకు.

జనగామ సైకిల్:
నేను సలహా ఇచ్చేటోన్ని కాదు, జర ముచ్చట చెప్పి పోత. మా ముత్తాత నిజాం లాన్సర్లల (ఈటెలు పట్టిన గుర్రపు సైన్యం) సవారు, మొదటి లడాయిల పాలస్తీన దిక్కు పోయి వచ్చిండు. ఢిల్లీల తీన్‌మూర్తి అంటరు కద, ఆ మూడు బొమ్మలు హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్లవే. 1918 సెప్టెంబర్ 23 నాడు ఆడి హైఫా పట్నం మీద గుర్రాలతోని ఉరికింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళు, మనోళ్ళు అప్పుడు పట్టుబడ్డ ఖైదీలను కాసుకుంట ఉండిన్రట, మా ఇంట్ల మాత్రం ముత్తాత హైఫా కోట గోడ దుంకిండని చెప్పేటోళ్ళు, మేం గట్లనే నమ్మినం. ఆయన మెడల్ గుర్రం మీది మనిషి బొమ్మది, మొదటి యుద్ధానిది, అది నిజంగనే వెండి, రెండున్నర తులాలు దాక తూగేది. 1980ల వెండి రేటు ఒక్కసారిగ ఎగిరినప్పుడు మా పెద్దబాపు కరగబెట్టించి మా మేనత్తకు పట్టగొలుసులు చేయించిండు. గా ఏడు ఇంగ్లండుల గూడ గట్లాంటియి మస్తు కరగబెట్టిన్రంట. మేనత్తను అడిగితె ఆ పట్టగొలుసులు కూడ తర్వాత మార్చిందట. నంబర్ ఏందో ఎవ్వరు రాసి పెట్టలే, అందుకని ఆయన ఏ దళంల ఉన్నడో ఇప్పుడు ఎట్ల ఎతకాలెనో తెల్వది. మీ చిన్నబాపుకు ఇది చదివి వినిపియ్ అన్నా.

పరకాల పోరడు:
అందరికి మస్తు థ్యాంక్స్. తూటాలు స్టేషన్ల ఇచ్చొచ్చిన, ఒకటి ఖాళీ, ఒకటి గుండుతోని ఉండె, ఎస్ఐ సారు ఏం అనలే, కాయితం రాసి సంతకం తీస్కున్నడు. చిన్నబాపు ఇంక అలిగే ఉన్నడు గాని వెండి కాదన్నంక అవుసులాయన పేరు ఎత్తుతలేడు.

పొద్దున భూతద్దం పెట్టి చూసిన. గుండ్రటిది నువ్వు చెప్పిన సింహమే సారూ. అంచు మీద నంబర్ ఉన్నది, తర్వాత డి వి ఆర్, తర్వాత తాత పేరు (ఇంగ్లిష్ల తప్పు రాసిన్రు), తర్వాత ఆర్ ఐ ఎ ఎస్ సి. చింతపండు పెట్టిన చుక్క ఎనక సగం అక్షరాలు కనపడ్తలేవు, బామ్మర్దిని ఇంక తిడ్తనే ఉన్న. డి వి ఆర్ అంటె ఏంది?

కరీంనగర్ రిటైర్డ్ హవల్దార్:
డ్రైవర్, తమ్మి. ఆర్ ఐ ఎ ఎస్ సి అంటె రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండి, పెట్రోల్, మందుగుండు మోసేది వాళ్ళే, లారీల మీద, కంచరగాడిదల మీద. మీ చుక్కలల్ల ఒకటి బర్మా స్టార్ అయినా అంత మాత్రాన రంగం దాంక పోయినట్టు కాదు, అస్సాం, బెంగాల్ సరిహద్దుల చేసినోళ్ళకు కూడ ఇచ్చిన్రు. దిమాపూర్‌ల రైలు దిగిన సామాను కొండల మీద కోహిమాకు, ఆడికెళ్ళి ఇంఫాల్‌కు పోవాలె. 1944 మార్చి ఆఖర్ల జపానోళ్ళు ఆ రోడ్డు కట్ చేస్తె మళ్ళ జూన్ 22 నాడు తెరుచుకున్నది. మీ తాత ఆడ ఉన్నడో లేడో నేను చెప్పలేను, ఆ ఇంగ్లిష్ కాయితం డిశ్చార్జ్ (సైన్యంల నుంచి విడుదల) కాయితం అయితె అండ్ల తేదీలు చూడు, స్కాన్ తీసినంక పేరు కొట్టేసి పెట్టు, చదివి చెప్త. తుపాకి పేల్చకపోయినా చిన్న పని అనుకోకు, నేను సర్వీసుల ఉన్నప్పుడు కొండ రోడ్డు మీద లారీ ఎక్కిన, నాకు తెలుసు.

పరకాల పోరడు:
బాపమ్మకు డ్రైవర్ అని చెప్పిన. కొద్దిసేపు సప్పుడు చెయ్యలే, తర్వాత "అందుకేనేమో బస్సుల కూసుంటె డ్రైవర్ ఎనక సీటే కావాలనేటోడు, గేరు ఏస్తుంటె తిట్టేటోడు" అన్నది. ఇన్నొద్దులు ఈ ముచ్చట ఎందుకు చెప్పలే అంటె నువ్వు అడగలే కదరా అన్నది.

కాయితం ఇంక పూర్తిగ ఇప్పలే, మడతల కాడ పగులుతుంది, అక్క చెప్పినట్టు మెల్లగ చేస్త. ఒకటే డౌటు, బజార్ల నాణేల ఆల్బం కవర్లు తెచ్చిన, మెడల్స్ అండ్ల పెట్టొచ్చునా?

మిల్స్ కాలనీ అక్క:
కవర్ వాసన చూడు. కొత్త రెక్సిన్ సీటు లెక్క, రెయిన్‌కోటు లెక్క ఘాటుగ వస్తె అది పీవీసీ, కొన్నేండ్లకు జిగట కారి మెడల్ మీద పచ్చటి చిలుము పట్టిస్తది. మొన్న నాణేలు పెట్టుకునే మా తమ్ముని ఆల్బం గట్లనే అయింది. అయి దుకాణంల వాపస్ ఇచ్చి పాలిస్టర్ అని అడిగి తెచ్చుకో, దొరికేదాంక ఒక్కొక్క మెడల్‌ను ఉతికిన తెల్ల కాటన్ గుడ్డల ఏరే ఏరే సుట్టి స్టీలు డబ్బల పెట్టు, చెప్పుల డబ్బలల్ల వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు ఏసి, వానకాలంల నెలకొకసారి మూత తీసి చూడు. మేకు కొట్టి గోడకు తగిలేసుడు మాత్రం గోడకు తడి ఉంటె అది బాగు చేయించినంకనే.