ఘాట్‌లో ఆటోమేటిక్ పికప్ మొరాయిస్తోంది: ఆయిల్ మారిస్తే చాలా, గేర్‌బాక్స్ దించాలా?

తిరుపతి నుంచి పీలేరు, మదనపల్లె అంగళ్లకు కిరాణా సరుకు తోలే డీజిల్ పికప్ నాది. ఆటోమేటిక్ అని ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 1,40,000 కిలోమీటర్లు తిరిగింది.

పది రోజులుగా భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే, రెండు నుంచి మూడో గేరుకు మారేచోట ఇంజిన్ ఒక్కసారిగా రంకె వేస్తోంది. ఆర్‌పీఎం 3,500 దాటుతుంది, బండి మాత్రం ముప్పై దగ్గరే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఏమీ ఉండదు, వేడెక్కాకే ఈ గోల. ఆగి మళ్లీ 'డి' (డ్రైవ్)లో వేస్తే రెండు సెకన్లు ఆలోచించి, ధభీమని కుదుపుతో కదులుతుంది.

మెకానిక్ గేర్ ఆయిల్ చుక్క తెల్లగుడ్డ మీద వేసి చూపించాడు. ఎర్రగా ఉండాల్సింది కాఫీ డికాషన్‌లా ఉంది, పైగా మాడు వాసన. లెవల్ సరిగ్గానే ఉంది, లీకేజీ లేదు. గేర్‌బాక్స్ దించాల్సిందే అంటాడాయన. ఆయిల్, ఫిల్టర్ మారిస్తే చాలంటాడు ఇంకొకాయన. లోపల క్లచ్ ప్లేట్లు అరిగి ఉంటే కొత్త ఆయిల్ పోసినా లాభం లేదని నాకూ తెలుసు. కానీ బండి కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానర్ పెట్టకుండా, ఆయిల్ ప్రెషర్ చూడకుండా అంత ఖర్చుకు ఎలా ఒప్పుకునేది? తప్పు సోలినాయిడ్‌దో (ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు), వాల్వ్ బాడీదో (గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌ను క్లచ్‌లకు పంచే భాగం) అయితే?

ముందు ఏ టెస్ట్ చేయించమంటారు? తిరుపతి, చిత్తూరులో ఆటోమేటిక్ విప్పి బిగించే పనోళ్లు ఎవరైనా ఉన్నారా, చెన్నై పోవాల్సిందేనా? అంతదూరం ఖాళీ బండిని నడుపుకుంటూ పోవచ్చా, లారీ మీద ఎక్కించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండన్నా, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.