స్టార్ట్ కాని ల్యాప్‌టాప్‌లోంచి అమ్మమ్మ పాటలు బయటకు తీసేదెలా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా పాత విండోస్ 10 ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది కానీ లోపలికి వెళ్లడం లేదు. నీలం స్క్రీన్ మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తుంది, కాసేపు ‘ఆటోమేటిక్ రిపేర్’ అని తిరుగుతుంది, మళ్లీ మొదటికే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోంది. చెవి ఆనించి విన్నాను, టక్కుటక్కుమనే చప్పుడేమీ లేదు.

షాపులో ఫార్మాట్ చేసేస్తామంటున్నారు. విండోస్ పోతే పోనీ, ఫైళ్లు పోకూడదు. అమ్మమ్మ పాడిన దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు అందులోనే ఉన్నాయి. మధ్యమధ్య ఒడియా మాటలు కలిపి పాడేది, దగ్గొస్తే ఆగి మళ్లీ ఎత్తుకునేది. ఆవిడ ఇప్పుడు లేదు. అందుకే ఇంత టెన్షన్.

విండోస్‌లాంటిదే ఇంకో ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటును పెన్‌డ్రైవ్‌లో వేసి, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే తెరిచి ఫైళ్లు కాపీ చేసుకోవచ్చట. ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఆగే పద్ధతి) వల్ల డ్రైవ్ రీడ్ ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే తెరుచుకున్నా కాపీకి అడ్డం ఉండదు కదా? డిస్క్‌కి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉండి 48 అంకెల కీ అడిగితే, మైక్రోసాఫ్ట్ ఖాతాలో కాక ఇంకెక్కడ వెతకాలి? లేక డిస్క్ విప్పి యూఎస్‌బీ కేసులో పెట్టి తమ్ముడి కంప్యూటర్‌కి తగిలించడం మేలా?

ఒకాయన, డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ టూల్ చెక్ డిస్క్ నడపమన్నారు. డిస్కే చెడిపోతుంటే అది ఇంకా పాడు చేస్తుందని నా భయం, అందుకే ముట్టుకోలేదు.

అవసరమైతే శ్రీకాకుళమో బరంపురమో తీసుకెళ్తాను. డేటా రికవరీ వాళ్లకి ఇచ్చేముందు ఏమేం అడగాలో, ఇలాంటిది చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.